తగని చోట నవ్వు



స్మారక ఉపన్యాసానికి శవాలు లేచి తిరిగే కామెడీలు తగిన విషయమేనా అని ఆహ్వానపత్రం చూసిన పెద్దలు ఒకరిద్దరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పోయినవాళ్ళ గురించి, వాళ్ళ దేహం గురించి, వాళ్ళను సాగనంపలేక సతమతమయ్యే బతికున్నవాళ్ళ గురించి సినిమా గట్టిగా ఆలోచించిన చోట్లలో ఇదొకటని నా నమ్మకం. అందుకే ఎంచుకున్నాను. ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలోనో ఆ మాస్టారు ఈ ఫిల్మ్ సొసైటీ హాల్లోనే రాయ్, ఘటక్‌ల సినిమాలు చూపించిన శ్రద్ధతోనే విఠలాచార్య సినిమాలూ చూపించారు. ఆ పేరు మధ్యలో మళ్ళీ వస్తుంది.

జాంబీ సినిమాలన్నిటి గురించీ నేను మాట్లాడబోవడం లేదు. కేవలం భయపెట్టేవి, లోకం అంతమయ్యాక మిగిలిన నలుగురి కథ చెప్పేవి వేరే దారి. నేను చెప్పేది ఎర్రరంగు బకెట్లకొద్దీ కుమ్మరించి, రబ్బరు పేగులు రబ్బరువని దాచకుండా, కావాలనే అతి చేసి, భయపెడుతూనే పొట్టచెక్కలయ్యేలా నవ్వించే తెగ గురించి. 1985లో అమెరికాలో వచ్చిన 'ద రిటర్న్ ఆఫ్ ద లివింగ్ డెడ్', 1992లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన 'బ్రెయిన్‌డెడ్', 2004లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన 'షాన్ ఆఫ్ ద డెడ్', ఈ మూడింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. కుళ్ళిన శవాన్ని చూసి మనిషి ఎందుకు నవ్వుతాడు? నవ్వేశాక కూడా ఆ సినిమా మనసులోంచి ఎందుకు పోదు?

నాట్యశాస్త్రకారుడు భరతుడు నవ్వును ఆరు రకాలు చేశాడు. స్మితం, హసితం ఉత్తములవి. విహసితం, ఉపహసితం మధ్యములవి. అపహసితం, అతిహసితం అధములవని ఆయన లెక్క. ఇందులో ఐదోదాన్ని, అపహసితాన్ని, ఆయన వర్ణించిన తీరు చూడండి: చోటు కాని చోట పుట్టే నవ్వు, కళ్ళలో నీళ్ళు తిరుగుతూ, భుజాలూ తలా అదురుతూ నవ్వే నవ్వు. ఈ లక్షణాల్లోంచి నవ్వు అన్న మాట ఒక్కటి తీసేస్తే మిగిలేది వెక్కివెక్కి ఏడ్చే మనిషి. ఒళ్ళు రెండింటికీ ఒకేలా అదురుతుంది. ఎవరైనా పోయిన ఇంట్లో ఇది మనందరం చూసినదే. మూడో రోజో నాలుగో రోజో రాత్రి అందరూ చాపల మీద చేరినప్పుడు, పోయినాయన పిసినారితనమో, ఎవరి పెళ్ళిలోనో ఆయన అలిగి చేసిన రభసో ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. ఇల్లంతా పగలబడి నవ్వుతుంది. లోపలి గదిలో ఉన్న పెద్దావిడా నవ్వుతుంది. ఆ వెంటనే ఏడుపు. అది అపచారమని ఎవరూ అనుకోరు. భరతుడు అధముల కిందికి తోసేసిన ఆ నవ్వుకు సినిమాలో ఒక ఇల్లు దొరికిందంటే, అది ఈ జాంబీ హాస్యాల్లోనే.

అయితే ఈ కలయికను అలంకారశాస్త్రం ఒప్పుకోదు. హాస్యానికి భయానకం, కరుణ రెండూ విరోధులని పద్నాలుగో శతాబ్దంలో విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో తేల్చాడు. ఒకదాన్నొకటి చంపుకుంటాయని భావం. అనుభవంలో నిజమే. దయ్యం సినిమాలో అనవసరంగా హాస్యనటుణ్ణి దూరిస్తే భయమూ పోతుంది, నవ్వూ రాదు. మనవాళ్ళు తీసిన చాలా సినిమాలు ఈ గోతిలోనే పడ్డాయి. కానీ విశ్వనాథుడికి అయిదు శతాబ్దాల ముందే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో విరోధి రసాలను కలిపే ఉపాయాలు చెప్పాడు. రెండు రసాలకూ వేరువేరు ఆశ్రయాలివ్వడం ఒకటి. రెండింటికీ మధ్య మూడో రసాన్ని నిలబెట్టడం ఇంకొకటి. జాంబీ హాస్యంలో ఆ మూడో రసం బీభత్సమని నేనంటాను. బీభత్సంలోంచి భయానకం పుడుతుందని భరతుడే అన్నాడు. ఇంకొక అడుగు వేస్తే, బీభత్సం హద్దు మీరినప్పుడు దానిలోంచి హాస్యమూ పుడుతుంది. ఒక చుక్క చీము చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఫిరంగిలా చిమ్మిన చీము చూస్తే అసహ్యం తన బరువు తానే మోయలేక నవ్వుగా కూలుతుంది. అతి ఈ సినిమాల్లో లోపం కాదు, పనిముట్టు.

ఇవాళ్టి జాంబీకి మూలపురుషుడు అమెరికన్ దర్శకుడు జార్జ్ రొమెరో. అంతకుముందు, 1932 నాటి 'వైట్ జాంబీ' వంటి సినిమాల్లో, జాంబీ అంటే హైతీ చక్కెర మిల్లులో మాంత్రికుడికి గొడ్డుచాకిరీ చేసే శవం. పిట్స్‌బర్గ్ పరిసరాల్లో రొమెరో, ఆయన మిత్రులు సుమారు 1,14,000 డాలర్లతో తీసిన, 1968లో విడుదలైన 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' ఆ శవానికి యజమానిని తీసేసి ఆకలినిచ్చింది. నలుపు తెలుపు సినిమా కాబట్టి నెత్తురుకు చాక్లెట్ సిరప్ సరిపోయింది. విడుదలకు ముందు పేరు మార్చినప్పుడు కాపీరైట్ ప్రకటన తెరమీంచి ఎగిరిపోయింది. దాంతో సినిమా ఎవరైనా వేసుకోవచ్చునన్నట్టయింది. తీసినవాళ్ళు నష్టపోయారు, జాంబీ మాత్రం లోకమంతా తిరిగింది.

ఆ సినిమా నవ్వించదు. కానీ ఒకటి గమనించండి. తోడబుట్టిన బార్బరా కోసం చచ్చిన జానీ చేతులు చాపుకుంటూ వస్తాడు. నేలమాళిగలో పసిపిల్ల తాపీతో తల్లిని పొడుస్తుంది. వచ్చేవాడు ఎవడో దయ్యం కాదు, మనవాడే. ఈ సంగతి గుర్తుంచుకోమని మనవి, ఎందుకంటే నా వాదమంతా దీనిమీదే నిలబడుతుంది.

ఇక రొమెరో శవాల నడక. కాళ్ళు ఈడుస్తూ, భుజం ఒరిగి, గుమ్మం తగిలినా ఆగని నడక. ప్రాణమున్న మనిషి యంత్రంలా మెసిలినప్పుడు మనకు నవ్వొస్తుందని 1900లో ఫ్రెంచి తత్త్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ నవ్వు మీద రాసిన పుస్తకంలో వాదించాడు. ఆ సూత్రానికి జాంబీని మించిన ఉదాహరణ నాకు తెలియదు. రొమెరో కూడా ఇది కనిపెట్టాడు. 1978 నాటి 'డాన్ ఆఫ్ ద డెడ్'ను పెన్సిల్వేనియాలోని మన్రోవిల్ మాల్‌లో తీసినప్పుడు శవాల్ని ఎస్కలేటర్ల మీద దొర్లించాడు, వాటి మొహాల మీద క్రీము పైలు కొట్టించాడు. బూడిదరంగు పూస్తే తెరమీద నీలంగా కనిపించిన ఆ మొహాలకు మేకప్ చేసినవాడు టామ్ సవీనీ. ఆయన వియత్నాం యుద్ధంలో సైన్యానికి ఫొటోగ్రాఫర్. నిజం శవాల్ని కెమెరా కన్నుతో చూసి వచ్చిన మనిషి. తన చేతిపనిలో అవే చూపులున్నాయని ఆయనే చెప్పుకున్నాడు. ఆ రంగునెత్తురు వెనుక ఏముందో తెలియకుండానే దాన్ని పిల్లచేష్ట అని కొట్టిపారేసేవాళ్ళున్నారు.

1985 నాటి 'రిటర్న్'కు వద్దాం. దర్శకుడు డాన్ ఒబానన్, 'ఏలియన్' కథారచయితల్లో ఒకడు. కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో వైద్యకళాశాలలకు అస్థిపంజరాలు, శవాలు సరఫరా చేసే ఒక గోదాము. పాతకాపు ఫ్రాంక్ కొత్తగా చేరిన ఫ్రెడ్డీకి గొప్పలు చెబుతూ, రొమెరో సినిమా నిజంగా జరిగిన సంగతేనని, ఆ శవాలు పొరపాటున మన గోదాముకే వచ్చాయని కిందికి తీసుకెళ్ళి సైన్యం వాళ్ళ డబ్బా చూపిస్తాడు. గట్టిదేనా అని కుర్రాడు అడిగితే చేత్తో ఒక్క చరుపు చరుస్తాడు. గ్యాసు బుస్సుమంటుంది. అక్కణ్ణుంచి గోదాములో చచ్చిందల్లా లేస్తుంది. గుండుసూదులు గుచ్చిన సీతాకోకచిలుకలు రెక్కలాడిస్తాయి. పాఠం చెప్పడానికి నిలువునా కోసిపెట్టిన సగం కుక్క మొరుగుతుంది. తల పగలగొడితే చస్తాయని సినిమాలో చూశాం కదా అని పగలగొడతారు, తల నరుకుతారు, మొండెం ఆగదు. మొదటి అరగంట నేను చూసిన ప్రతి ప్రదర్శనలోనూ హాలు గొల్లుమంది.

తర్వాత ఒక దృశ్యం వస్తుంది. నడుము కింద ఏమీ లేని ఒక ముసలావిడ శవాన్ని మార్చురీ బల్లకు కట్టేస్తారు. తెగిన చోట వెన్నెముక తోకలా కొట్టుకుంటూ ఉంటుంది. చూడగానే బొమ్మ అని తెలుస్తుంది. శవసంస్కారం చేసే ఎర్నీ ఆవిణ్ణి అడుగుతాడు, మనుషుల్ని ఎందుకు తింటున్నారని. మెదడు కోసం అంటుంది. ఎందుకంటే, చచ్చి ఉండటం నొప్పి. తన ఒళ్ళు కుళ్ళుతున్నది తనకు తెలుస్తూ ఉంటుంది. మెదడు తింటే ఆ బాధ కాసేపు తగ్గుతుంది. ఆ మాట విన్నాక హాల్లో నవ్వు ఆగుతుంది. పోయినవాళ్ళకు ఇక ఏ బాధా లేదని మనం ఒకరినొకరం ఓదార్చుకుంటాం. ఆ ఓదార్పు తప్పయితే ఎలాగన్న భయాన్ని ఏ గంభీరమైన సినిమా కూడా ఇంత సూటిగా నా ముందు పెట్టలేదు. దాన్ని పెట్టింది రబ్బరు బొమ్మ.

ఫ్రాంక్, ఫ్రెడ్డీ ఆ గ్యాసు పీల్చారు. వాళ్ళు సినిమా పొడుగునా నెమ్మదిగా, స్పృహలో ఉండగానే చస్తూ ఉంటారు. వచ్చిన అంబులెన్సువాళ్ళకు నాడి దొరకదు. ఒంట్లో చనిపోయినవాళ్ళకు వచ్చే బిగుతు మొదలవుతుంది. జేమ్స్ కారెన్ ఫ్రాంక్‌గా అప్పటిదాకా అరుపులతో, ఏడుపులతో అతి నటన చేస్తాడు, అది చూసి మనం నవ్వుతూనే ఉంటాం. చివరికి తాను ఏమైపోతున్నాడో అర్థమయ్యాక ఒంటరిగా దహనపు కొలిమి దగ్గరికి వెళతాడు. పెళ్ళి ఉంగరం తీసి ముద్దుపెట్టుకుని కొలిమి మీటకు తగిలిస్తాడు. తానే లోపలికి పాకుతాడు. తన అంత్యక్రియ తానే చేసుకున్న మనిషి. ఇంతసేపు నవ్వించిన మనిషి కాబట్టే ఆ ఉంగరం అంత బరువుగా తగులుతుంది. ఆనందవర్ధనుడి మాటల్లో చెప్పాలంటే హాస్యం, కరుణ ఒకే ఆశ్రయంలో ఉన్నాయి. శాస్త్రం ప్రకారం అది చెల్లకూడదు. చెల్లింది.

ఇంకో రెండేళ్ళకు శామ్ రైమీ 'ఈవిల్ డెడ్ 2' వచ్చింది. బ్రూస్ కాంప్‌బెల్ కుడిచెయ్యి దయ్యం పట్టి అతన్నే కొడుతుంది, పళ్ళాలు తలమీద పగలగొడుతుంది, జుట్టుపట్టి ఈడుస్తుంది. చివరికి రంపంతో దాన్ని తెగ్గొట్టుకుంటాడు. ఒంటరి నటుడు తన చేతితో తానే కుస్తీ పట్టిన ఆ దృశ్యం ఒక్కటే మూకీ హాస్యనటుల పక్కన పెట్టదగినది. అంతకుమించి ఆ సినిమా నా వాదానికి అవసరం లేదు.

పీటర్ జాక్సన్ 'బ్రెయిన్‌డెడ్' అవసరం. 1957, వెల్లింగ్టన్. రాణిగారి మీద భక్తి, తీర్చిదిద్దిన పచ్చిక, ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనన్న భయం. లైనెల్ అనే మెతక కుర్రాడు, అతన్ని గుప్పిట్లో పెట్టుకున్న తల్లి వీరా. కొడుకు పకీటా అనే అమ్మాయితో జంతుప్రదర్శనశాలకు వెళితే తల్లి దొంగచాటుగా వెంటపడుతుంది. అక్కడ సుమత్రా ఎలుకకోతి అనే జంతువు ఆమెను కరుస్తుంది. మర్నాడు మహిళా సంఘంవాళ్ళు భోజనానికి వస్తారు. వాళ్ళు రావడం ఆపడానికి వీల్లేదు, పరువు సమస్య. ఆమె చర్మం ఊడిపోతుంటే కొడుకు జిగురుతో అతికిస్తాడు. బల్ల దగ్గర ఆమె చేతి పుండు చిమ్మి ఎదుటి పెద్దమనిషి కస్టర్డ్ గిన్నెలో పడుతుంది. ఆయన చూడకుండా చెంచాతో తింటూ రుచి మెచ్చుకుంటాడు. ఆమె చెవి ఊడి ఆమె గిన్నెలోనే పడుతుంది. ఆమె దాన్నీ నమిలేస్తుంది. అతిథి మర్యాద ఎక్కడా తగ్గదు.

ఈ దృశ్యాన్ని అసహ్యం అని వదిలేయడం తేలిక. నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ కొడుకు మొహమే చూస్తాను. మంచాన పడ్డ తల్లిని చూసుకున్న వాళ్ళెవరైనా ఆ మొహాన్ని గుర్తుపడతారు. పెద్దవాళ్ళ శరీరం చెప్పినమాట వినడం మానేసింది. బంధువులు వచ్చారు. ఏమీ జరగనట్టు తువ్వాలుతో తుడవాలి, కప్పాలి, నవ్వాలి. లైనెల్ అదే చేస్తున్నాడు. ఆమె చనిపోయాక కూడా మానడు. లేచిన శవాల్ని నేలమాళిగలో దాచి, మత్తుమందు పొడిచి, కుర్చీల్లో కూర్చోబెట్టి గంజి తినిపిస్తాడు. వాళ్ళను పోనివ్వలేకపోవడమే అతని జబ్బు. ఆఖర్న గడ్డికోసే యంత్రాన్ని ఛాతీకి కట్టుకుని ఇంటినిండా ఉన్న శవాల మధ్యలోంచి అతను నడిచే ఘట్టం, సినిమా చరిత్రలో ఇంత రంగునెత్తురు ఇంకెక్కడైనా ఒలికిందా అనిపించే ఘట్టం, నాకు విడుదలలా కనిపిస్తుంది. అక్కడితోనూ అయిపోదు. రాక్షసిగా పెరిగిన తల్లి అతన్ని తిరిగి తన కడుపులోకి లాక్కుంటుంది. అతను లోపల్నుంచి చీల్చుకుని రెండోసారి పుడతాడు. మనోవిశ్లేషకులు పుస్తకాల్లో రాసుకునే సంగతి జాక్సన్ ఒక పెద్ద రబ్బరు పొట్టతో తెరమీద పెట్టాడు. దాపరికం లేదు, గుసగుస లేదు.

జాక్సన్‌తో ఆ శవాల్ని చేసిన రిచర్డ్ టేలర్ బృందమే తర్వాత 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాక్షసుల్ని చేసి ఆస్కార్లు తెచ్చుకుంది. అది వాళ్ళ ఎదుగుదల అని అందరూ రాస్తారు. నాకు మాత్రం 'బ్రెయిన్‌డెడ్'లో చేతిపని కనిపించడమే ఎక్కువ విలువైనది. శవం చెంప మీద అతుకు కనిపిస్తుంది. ఆ అతుకు ప్రేక్షకుడికి ఒక హామీ. ఇది మనుషులు చేసిన ఆట, నువ్వు భద్రంగానే ఉన్నావు, ఇప్పుడు చూడలేనిది చూడు అంటుంది. అచ్చం నిజంలా ఉంటే మనం కళ్ళు మూసుకుంటాం. అబద్ధమని తెలిస్తే కళ్ళు తెరిచి ఉంచుతాం. ఆ తెరిచిన కళ్ళలోకే అసలు సంగతి వస్తుంది.

విఠలాచార్య ప్రస్తావన ఇక్కడే. 1978 నాటి 'జగన్మోహిని'లో దయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్ళు పెట్టి వంట చేస్తుంది. తెలుగునాట ఆ తరం పిల్లలెవరూ దాన్ని మరచిపోలేదు. దడుచుకున్నారు, నవ్వారు, ఇంటికొచ్చి వంటింట్లోకి తొంగిచూశారు. ట్రిక్కు అని తెలియక కాదు. అమెరికన్ రచయిత్రి సూసన్ సాంటాగ్ 1964లో అతి చేసే కళ మీద రాసిన వ్యాసంలో, తెలియక అతి చేసేదానికీ తెలిసి అతి చేసేదానికీ తేడా చూపి, తెలియక చేసేదానికే పైమెట్టు ఇచ్చింది. ఆ తూకం నాకు సమ్మతం కాదు. విఠలాచార్య తక్కువ డబ్బుతో ఎంత ఆశ్చర్యం పుట్టించవచ్చో లెక్కగట్టి చేశాడు. జాక్సనూ అంతే. ఇద్దరూ ప్రేక్షకుణ్ణి వెక్కిరించలేదు, తమ బొమ్మల్నీ వెక్కిరించలేదు. ఈ రోజుల్లో కొందరు చెడ్డ సినిమాను కావాలని చెడగొట్టి తీసి, చూడండి ఎంత చెడ్డగా ఉందో అని కన్నుగీటుతున్నారు. బొమ్మను ప్రేమించనివాడి చేతిలో బొమ్మ లేవదు.

'షాన్ ఆఫ్ ద డెడ్' వచ్చేసరికి అతి తగ్గింది, చూపు పదునెక్కింది. ఎడ్గర్ రైట్ దర్శకుడు, అతనితో కలిసి రాసి షాన్‌గా నటించింది సైమన్ పెగ్. లండన్‌లో ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో పనిచేసే, ఇరవై తొమ్మిదేళ్ళొచ్చినా ఏమీ తేల్చుకోని షాన్. ఒక ఉదయం నిద్రమొహంతో వీధి దాటి మూలమీద కొట్టుకు వెళ్ళి వస్తాడు. కెమెరా కత్తిరించకుండా వెంట నడుస్తుంది. మర్నాడు తాగిన మత్తు దిగకుండానే అదే నడక, అదే కెమెరా. ఈలోగా ఊరు చచ్చి లేచింది. కారు అద్దం పగిలి ఉంది. కొట్లో ఫ్రిజ్ తలుపు మీద నెత్తుటి చేతిముద్రలు. నేలమీద నెత్తురు మీద కాలు జారుతుంది, తూలి నిలదొక్కుకుంటాడు. ఏమీ గమనించడు. దారిలో చెయ్యి చాపిన శవాన్ని బిచ్చగాడనుకుని చిల్లర లేదంటాడు. నిన్న బతికున్నవాళ్ళను అతను ఎంత చూశాడో ఇవాళ చచ్చినవాళ్ళనూ అంతే చూశాడు. హైదరాబాదులోనో విశాఖలోనో పొద్దున ఫోను చూసుకుంటూ టీ కొట్టుకు నడిచేవాళ్ళందరికీ ఈ దృశ్యం వర్తిస్తుంది.

పెరట్లోకి వచ్చిన శవాల మీదికి పాత రికార్డులు విసిరే ఘట్టం అందరికీ గుర్తుంటుంది. ప్రాణం మీదికొచ్చినా ఏది విసరాలి, ఏది దాచుకోవాలి అని షాన్, అతని మిత్రుడు బేరమాడతారు. నాకు అంతకన్నా ఎక్కువ గుర్తుండేది సవతితండ్రి ఫిలిప్. బిల్ నై నటించాడు. షాన్ పదిహేడేళ్ళుగా అతన్ని ద్వేషించాడు. కాటుపడి కారు వెనకసీట్లో చనిపోతూ ఫిలిప్, నిన్నెప్పుడూ ప్రేమించాననీ, తండ్రిలా చెప్పడం చేతకాలేదనీ తడబడుతూ చెబుతాడు. అంతా అయిపోయాక శవమై లేస్తాడు. అందరూ కారులోంచి దూకేస్తారు. కారులో మొదటినుంచీ అతనికి గిట్టని సంగీతం మోగుతూ ఉంది. లేచిన ఫిలిప్ ముందుకు వంగి ఆ మోత ఆపేస్తాడు. మెదడంతా పోయినా ఆ చిరాకు ఒక్కటి మిగిలింది. హాలు విరగబడి నవ్వుతుంది. తండ్రి పోయాక ఆయన కళ్ళద్దాల పెట్టె తెరిచినప్పుడు మనకు కలిగేదేదో ఆ నవ్వులో ఉంది.

తల్లి వంతు తర్వాత వస్తుంది. బార్బరా, రొమెరో సినిమాలోని పేరే. పిల్లల్ని కంగారుపెట్టడం ఎందుకని తన కాటును దాచుకుంది. మన అమ్మలందరూ జ్వరాన్ని దాచుకున్నట్టే. వాళ్ళు తలదాచుకున్న పబ్బులో, చుట్టూ శవాలు కిటికీలు బద్దలుకొడుతుంటే, ఆమె ప్రాణం పోతుంది. తుపాకి ఎవరు పట్టుకోవాలన్న గొడవలో ఒకరి చేతిలో పగిలిన సీసా, ఇంకొకరి చేతిలో బిరడా తీసే సీల. ఆ గొడవలో నవ్వు పూర్తిగా చావదు. అదే ఈ సినిమా గొప్ప. ఆమె లేస్తుంది. కొడుకు కాల్చాలి, కాలుస్తాడు. హాస్యానికి కరుణ విరోధి అన్న విశ్వనాథుణ్ణి ఈ దృశ్యం ముందు కూర్చోబెట్టాలని నా కోరిక. రొమెరో ఈ సినిమాను మెచ్చుకుని, 2005లో తన 'ల్యాండ్ ఆఫ్ ద డెడ్'లో రైట్‌కూ పెగ్‌కూ జాంబీ వేషాలిచ్చాడు.

ఒక అభ్యంతరం ఉంది, తేలికైనది కాదు. జాంబీ అంటే పాపం అంటకుండా చంపదగిన మనిషి. మొహం ఉంటుంది, హక్కు ఉండదు. చుట్టూ ఉన్న గుంపులన్నీ మనుషులు కావనుకునే అలవాటును ఈ సినిమాలు నేర్పవా? నేర్పేవి ఉన్నాయి. 2009 నాటి 'జాంబీల్యాండ్' చమత్కారంగా ఉంటుంది, నటులు బాగుంటారు. కానీ అందులో చచ్చి లేచినవాళ్ళెవరూ ఎవరికీ ఏమీ కారు. తిరునాళ్ళలో తుపాకితో కొట్టే బుడగల్లా పేలిపోతారు. నాకది చాలదు. నేను పెట్టుకున్న గీటురాయి ఒకటే: లేచి వచ్చిన శవాల్లో కనీసం ఒక్కటైనా కథలో ఎవరికో అమ్మో, నాన్నో, స్నేహితుడో అయి ఉండాలి. దాన్ని చంపడం ఎవరికో ఒకరికి కష్టం కావాలి. 2011లో క్యూబాలో అలెహాంద్రో బ్రుగెస్ తీసిన 'హువాన్ ఆఫ్ ద డెడ్' ఈ కష్టాన్నే వ్యాపారం చేసి చూపింది. హవానాలో శవాలు లేస్తే, మీవాళ్ళను మీరు చంపుకోలేరు కదా, డబ్బిస్తే మేం చేసిపెడతాం అని నలభైదాటిన హువాన్ కంపెనీ పెడతాడు. ప్రభుత్వ టీవీ మాత్రం అవి శవాలు కావు, అమెరికా డబ్బు తిన్న అసమ్మతివాదులు అంటూ ఉంటుంది. కాల్చదగిన గుంపుకు పేరు పెట్టేది ఎవరో ఆ సినిమా చెప్పింది. నా అభ్యంతరానికి జవాబు ఈ తెగలోంచే వచ్చింది.

మన దేశానికి వస్తే, హిందీలో తొలి గట్టి జాంబీ కామెడీ, 2013 నాటి 'గో గోవా గాన్', తిరుపతిలో ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్ళి సినిమాల్లోకి వచ్చిన ఇద్దరు తెలుగువాళ్ళు రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. తీసింది. దయ్యాల దేశంలోకి జాంబీలు ఎక్కణ్ణుంచి వచ్చాయని పాత్రలే అడుగుతాయి, ప్రపంచీకరణతో అని జవాబు చెప్పుకుంటాయి. రష్యా యాసలో మాట్లాడే సైఫ్ అలీఖాన్ పాత్ర అసలు ఢిల్లీవాడిది. తెలుగులో 2021 ఫిబ్రవరిలో ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి' వచ్చింది. కరోనా మొదటి విడత వెళ్ళీ వెళ్ళకముందే, మాస్కులు కట్టుకుని హాళ్ళకు వెళ్ళి జనం నవ్వారు. ఫ్యాక్షన్ కత్తులు నూరుకుని ఉన్న సీమ ఇంట్లోకి జాంబీల్ని తోలడం చాలా మంచి ఊహ. పగవాణ్ణి మనిషిగా చూడని చోటికి మనిషి కానివాడు వచ్చాడు. ఆ ఊహ లోతుకు సినిమా దిగలేదని నా అభిప్రాయం, హడావుడిలో పైపైన దాటేసింది. పదకొండో రోజు, పన్నెండో రోజు దాకా పోయినవాడు ప్రేతంగా ఇంటి చుట్టూ తిరుగుతాడని నమ్మి పిండం పెట్టే ఇళ్ళు మనవి. పోయినవాడి ఆకలి గురించి మనకు తెలిసినంత రొమెరోకు తెలియదు. ఆ ఇంట్లో జరిగే జాంబీ హాస్యం ఇంకా ఎవరూ తీయలేదు. ఇక్కడ వెనక వరసల్లో కూర్చున్న షార్ట్ ఫిల్ముల కుర్రవాళ్ళతో ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

డబ్బు లేదని మీరంటారు. ఇవాళ ప్రదర్శించబోయే 'వన్ కట్ ఆఫ్ ద డెడ్' దానికి జవాబు. 2017లో జపాన్‌లో షినిచిరో ఉఎదా సుమారు 30 లక్షల యెన్లతో, పేరులేని నటులతో తీశాడు. మొదట చిన్న హాల్లో కొద్దిరోజులు ఆడింది. మరుసటి ఏడాది దేశమంతా పాకి 300 కోట్ల యెన్లు దాటింది. మొదటి 37 నిమిషాలు కత్తిరింపు లేని ఒకే షాట్. అందులో నటులు అర్థంలేకుండా ఆగిపోతారు, కెమెరా నేలమీద పడి ఉంటుంది, ఎందుకో ఒకాయన మాటిమాటికీ బయటికి పరిగెడతాడు. ఆ తర్వాత కథ ఒక నెల వెనక్కి వెళుతుంది. ఆ 37 నిమిషాల్లో దయచేసి ఎవరూ లేచి వెళ్ళవద్దు. చర్చ సినిమా అయ్యాక పెట్టుకుందాం.